జింకగా మారిన పిల్ల పేరు

ఇది మొదలైంది పోయిన గురువారం సాయంత్రం నాలుగూ ఇరవైకి. మా చెల్లెలి మనవరాలు హారిక నందిగామలో మా ఇంటి ముందుగదిలో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పాత తువ్వాల్లో చుట్టి బీరువా అడుగు అరలో పెట్టిన ఎర్ర కాలికో గుడ్డ అట్ట పుస్తకాన్ని విప్పింది. విప్పగానే మైదా జిగురూ, పురుగు పట్టకుండా అందులో కలిపిన మైలుతుత్తమూ, అరవై ఏళ్ళు దాటిన పత్రిక కాగితమూ కలిసిన వాసన గదంతా పరుచుకుంది.

"మందుల కొట్టు వాసనొస్తంది అమ్మమ్మా" అంది హారిక. ఆ పిల్ల విజయవాడలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతోంది. అద్భుత కథల్లోనూ సైన్సు కథల్లోనూ అస్తిత్వం, అధికారం, రూపాంతరం అనే మూడు సంగతుల మీద ఈ ఏడు వాళ్ళకి ఒక పేపరుందట. మీ చిన్నప్పుడు ఇలాంటివి చదివేవాళ్ళా అని అడిగింది. చదవడమేమిటి, మిరపకాయలకి తొడిమలు తీసినట్టు వాక్యం వాక్యానికీ తొడిమ తీసి పెట్టేవాళ్ళం. అస్తిత్వం అన్న మాట మాకు తెలియదు గానీ, ఆ పేపరు మేము జగ్గయ్యపేటలో మా ఇంటి వసారాలో కూర్చుని ఇరవై ఎనిమిది వారాలపాటు చదువుకున్నాం.

అప్పటికి నాకు పదేళ్ళు. మా వసారా ఉత్తరపు వైపుకి ఉండేది కాబట్టి ఎండాకాలంలో కూడా మధ్యాహ్నం రెండింటి తరవాత అక్కడ గచ్చు చల్లగా తగిలేది. మిరప కోతలు అయిపోయిన రోజుల్లో అక్కడ ఎర్రగా ఒక గుట్ట పోసి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీస్తుంటే, ఒకళ్ళు తుమ్మడం మొదలుపెడితే వరసగా అందరూ తుమ్మేవాళ్ళు. ఆ తుమ్ములు ఆగేదాకా కథ ఆగేది. మిరప అయ్యాక చింతపండు వచ్చేది, గింజలు తీసిన వేళ్ళు సాయంత్రానికి పుల్లగా ముడతలు పడేవి, ఆ గింజలతోనే మేము పిల్లలం వామనగుంటలు ఆడుకునేవాళ్ళం. వానలు పడి పాలేటికి నీళ్ళొచ్చే వేళకి కందులు బాగుచేసే పని. ఏ పనీ లేని రోజున మా నాయనమ్మ మోకాలి మీద పత్తి పెట్టుకుని వత్తులు చేసేది. ఆవిడ చేతులు ఊరికే ఉండగా ఒక్కసారి తప్ప నేనెప్పుడూ చూడలేదు. నిద్రలో కూడా బొటనవేలూ చూపుడువేలూ పురి తిప్పుతూనే ఉండేవి.

కథ వచ్చేది ఒక వారపత్రికలో. ఆ పత్రికని మా ఇల్లూ, పక్కింటి కాంతమ్మగారి ఇల్లూ కలిసి తెప్పించుకునేవి. కాంతమ్మగారు తాలూకాఫీసు గుమాస్తాగారి భార్య, ఎస్సెల్సీ దాకా చదువుకున్న మనిషి, కళ్ళజోడు పెట్టుకుని పత్రిక చదివే ఆడమనిషిని ఆ వీధిలో నేను చూడటం ఆవిడతోనే మొదలు. పత్రికలో రెండు సీరియళ్ళు పక్కపక్కన వచ్చేవి. ఒకటి మాంత్రికుడి కథ, అది మాది. రెండోది వేరే గ్రహానికి మనుషులు వెళ్ళే కథ, అది కాంతమ్మగారిది. పత్రిక శుక్రవారం ముందు వాళ్ళింటికి వెళ్ళేది. వాళ్ళు చదివాక ఎవరి సీరియల్ వాళ్ళు చింపి దాచుకుని, కథ పూర్తయ్యాక బైండు చేయించుకోవాలని ఒప్పందం. అప్పట్లో చదువు మీద ఆశ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇట్లా కట్టించుకున్న పుస్తకాలు నాలుగో ఐదో ఉండేవి.

చిక్కంతా ఒక్క కాగితంతో వచ్చేది. మాంత్రికుడి కథ చివరి పేజీ వెనకే గ్రహాల కథ మొదటి పేజీ అచ్చయ్యేది. కాగితం ఒకటే, ఒక పక్క మంత్రదండం, రెండో పక్క రాకెట్టు. అందుకని ఒక వారం ఆ కాగితం మాకు, ఒక వారం వాళ్ళకు అని పెద్దవాళ్ళు తీర్పు చెప్పుకున్నారు. కాగితం రాని ఇంటివాళ్ళు తమ పేజీని తెల్ల కాగితం మీద చేత్తో ఎత్తి రాసుకోవాలి. మా తరఫున ఆ పని మా నాన్న చెల్లెలు సుభద్రత్తది. అత్తకి అప్పుడు పదిహేడేళ్ళు. ఎనిమిదో తరగతితో బడి మాన్పించారు గానీ ఆవిడ అక్షరాలు ముత్యాల్లా ఉండేవి, ప్రతి వరసా కొలబద్ద పెట్టినట్టు సాగేది. వాళ్ళింట్లో కిటికీ దగ్గర కూర్చుని పేజీ ఎత్తి రాసుకుని, మా వంతు చింపిన కాగితాలతో కలిపి తెచ్చేది. శనివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను పైకి చదివేదాన్ని. నువ్వే చదవచ్చుగా అని నాయనమ్మ అంటే అత్త, "దాని గొంతు గంటలా ఉంటదమ్మా, అది చదివితే పెరట్లో గేదె కూడా వింటది" అనేది.

ఉగాది వెళ్ళిన మూడో రోజు, శనివారం, మొదటి భాగం చదివాను. ఆ మాంత్రికుడు ఎవరినీ చంపడు. కొండ మీద రాతి కోటలో ఉంటాడు. దారిన పోయేవాళ్ళని ఎంతో మర్యాదగా నీ పేరేమిటని అడుగుతాడు. పేరు చెప్పారో, దాన్ని దారంతో కంచు గంటకి కట్టేస్తాడు. పేరు పోయినవాళ్ళు చిలకలవుతారు, స్తంభాలవుతారు, చెట్లవుతారు, ఆయన గంట కొడితే చెప్పిన పని చేస్తారు. నీలవేణి అనే పిల్ల మేకల్ని తోలుకుంటూ వచ్చి పేరు చెప్పి జింకైపోయింది. ఆ మధ్యాహ్నం వసారాలో ఎవరూ తుమ్మలేదు. రెండు వారాలపాటు మా వీధి పిల్లలం కొత్తవాళ్ళెవరన్నా పేరడిగితే చెప్పకుండా పారిపోయాం. మా కొత్త పంతులుగారు హాజరు పిలుస్తుంటే సగం తరగతి పలకలేదు.

పెద్దవాళ్ళ సందేహాలు వేరు. జింకగా ఉన్నప్పుడు తిన్న గడ్డి రుచి మళ్ళీ మనిషయ్యాక గుర్తుంటుందా? ఉంటే ఆ పిల్లకి అన్నం సయిస్తుందా? స్తంభమైన వాడి పెళ్ళాం బొట్టు ఉంచుకోవాలా తీసేయాలా? మా నాయనమ్మ ఉంచుకోవాల్సిందే అని తేల్చింది, స్తంభం నిలబడే ఉంది కాబట్టి. కాంతమ్మగారు అప్పుడప్పుడూ వచ్చి కూర్చుని తన గ్రహాల కథే గొప్పదని వాదించేవారు.

"మీది మంత్రం. మాది సైన్సు. అక్కడ ఒకాయన మెదడు తీసి ఇంకొకాయన ఒంట్లో పెట్టారు తెలుసా పిన్నిగారూ!"

నాయనమ్మ వత్తి ఆపకుండా, "పెడితే పెట్టారు. తద్దినం ఎవరికి పెట్టాలి? బుర్ర పోయినాయనకా, ఒళ్ళు పోయినాయనకా?" అంది.

"ఇద్దరూ బతికే ఉన్నారండీ."

"ఎప్పటికైనా పోతారు గదా. తిథి రాసుకునేటప్పుడు ఎవరి పేరు రాస్తారంట?"

కాంతమ్మగారు కళ్ళజోడు తుడుచుకుని, "వచ్చే వారం చూసి చెప్తా" అన్నారు. వచ్చే వారం ఆ సంగతి రాలేదు. ఆ ప్రశ్న హారికకి చెబితే, ఇదే మాట మా మేడం రెండు గంటలు చెప్పింది అమ్మమ్మా అని నవ్వింది.

శ్రావణంలో మా ఇంట సుభద్రత్త పెళ్ళికి నిశ్చయ తాంబూలాలు పుచ్చుకున్నారు. సంబంధం నందిగామది. పెళ్ళికొడుకు పొలం చూసుకుంటాడు, నెమ్మదస్తుడు. అత్తకి కూడా ఇష్టమేనని మాకు తెలుసు, ఎందుకంటే ఆయన వచ్చి వెళ్ళిన సాయంత్రం ఆవిడ గోంగూర పచ్చడిలో రెండుసార్లు ఉప్పు వేసింది. అంతా కుదిరాక, ఆకు వక్కలు చేతికి తీసుకోబోతూ పెళ్ళికొడుకు తల్లి ఒక మాట చెప్పింది. ఆవిడ పొడగరి, నిటారుగా కూర్చునే మనిషి, మాట కొట్టినట్టు ఉంటుంది.

"పిల్ల పేరు మాత్రం మార్చుకోవాలండీ. నా పేరూ సుభద్రే. అత్తా కోడలూ ఒక పేరైతే బాగుండదు. లక్ష్మి అని పిలుచుకుంటాం."

మా వైపు ఇది కొత్తేమీ కాదు. అత్తగారి పేరో, ఆడబిడ్డ పేరో కోడలికి ఉంటే గడప దాటిన రోజున కొత్త పేరు పెట్టేవాళ్ళు. పెద్దల పేరు పెట్టి చిన్నదాన్ని పిలవడం, కసరడం తప్పు గదా. మా నాయనమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. "ఇంకమీదట మీ పిల్ల వదినగారూ, మీ ఇష్టం" అంది. అత్త తలుపు పక్కన నిలబడి వింది. ఆ రాత్రి అన్నం దగ్గర నన్ను, "నీలవేణి జింకయ్యాక మేకలు దాన్ని గుర్తుపట్టినయ్యా?" అని అడిగింది. కథలో రాయలేదని చెప్పాను. "మేకలు గుర్తుపడతయ్యి. మనుషులకే కష్టం" అంది.

మర్నాటి నుంచి నాయనమ్మ అలవాటు కావాలని అత్తని లక్ష్మీ అని పిలవడం మొదలుపెట్టింది. అత్త పలికేది కాదు. కావాలని పలక్కపోవడం కాదు, ఆ పిలుపు తన మీద వాలేది కాదు. గోడకి తగిలినట్టు తగిలి పోయేది. ఒక ఉదయం నాయనమ్మ దేవుడి గదిలోంచి "లక్ష్మీ, పాలు! లక్ష్మీ, పాలు పొంగుతున్నయ్యే!" అని అరుస్తూనే ఉంది, అత్త పొయ్యికి రెండు బారల దూరంలో కూర్చుని పళ్ళెంలో బియ్యం ఏరుతూనే ఉంది. పాలన్నీ పొయ్యి పాలయ్యాయి. మాడు వాసన సాయంత్రం దాకా పోలేదు.

"చెవుడా నీకు?" అంది నాయనమ్మ.

"నన్ను పిలిచావా అమ్మా? ఎవరో లక్ష్మిని పిలుస్తన్నావనుకున్నా" అంది అత్త. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి. అప్పటినుంచి కథ వినేటప్పుడు ఆవిడ చేతిలో పని ఆగిపోయేది.

దసరా వెళ్ళింది. మెట్ట చేలల్లో పత్తి పగులుతోంది, వీధుల్లో గంపలతో సీతాఫలాలు దిగాయి, ఆడపిల్లలంతా అట్లతద్దికి ఊయల ఎక్కడ వేయాలా అని చెట్లు చూసుకుంటున్నారు. తద్దికి మూడు రోజుల ముందు శనివారం మాంత్రికుడి కథ ఆఖరి భాగం. ఇరవై ఎనిమిదో వారం, కాగితం వాళ్ళ వంతు, కాబట్టి చివరి పేజీ అత్త ఎత్తి రాయాలి. మామూలుగా ఒక అచ్చు పేజీ ఆవిడ చేతిలో రెండున్నర పేజీలు అయ్యేది. ఆ రోజు నాకిచ్చింది నాలుగు. అక్షరాల సైజు చూశాను, మారలేదు. ఎక్కువ వచ్చిన పేజీన్నర ఎక్కడిదా అనుకున్నాను గానీ అడగలేదు. అప్పటికే అందరూ వచ్చి కూర్చున్నారు.

ఆ రోజే మధ్యాహ్నం బస్సుకి పెళ్ళికొడుకు తల్లి, నందిగామావిడ, దిగింది. పెళ్ళి రవికెలకి కొలతలు కావాలని వచ్చిందట, చేతిలో బుట్టెడు సీతాఫలాలు. అన్నం తిని, వసారాలోకి వచ్చి, అడక్కుండానే నాయనమ్మ పక్కన కూర్చుని తనూ వత్తులు చేయడం మొదలుపెట్టింది. కాంతమ్మగారూ వచ్చారు. అత్త గుమ్మం పట్టుకుని నిలబడింది.

నేను చదివాను. రాకుమారుడు కోటలో దూరాడు, దారం తెంపాడు, గంట పగిలింది, చిలకలూ స్తంభాలూ మనుషులయ్యారు. నీలవేణి మనిషై నిలబడింది. రాకుమారుడు ఆమె చెయ్యి పట్టుకుని, నిన్ను నా రాణిని చేసుకుంటాను, నా రాజ్యానికి తగిన కొత్త పేరు పెడతాను అన్నాడు. అప్పటికి చేతిరాతలో మూడో పేజీ సగానికి వచ్చాను. నీలవేణి చెయ్యి వెనక్కి తీసుకుంది. "మాంత్రికుడు నా పేరు తీసుకుని నన్ను జింకను చేశాడు. నువ్వు తీసుకుని నన్నేం చేస్తావు?" అని అడిగింది. తరవాత పేజీన్నరా ఆ పిల్ల మాటలే. నా పేరు మా అమ్మ పెట్టింది, ఆ పేరుతో పిలిస్తే నా మేకలు కొండ దిగి వస్తాయి, అది లేకుండా వస్తే నీ వెంట వచ్చేది నేను కాదు అని.

"ఆగాగు!" అన్నారు కాంతమ్మగారు. "ఇదెక్కడ్నుంచి వచ్చింది? మా కాగితంలో ఇట్టా లేదే! కొత్త పేరు పెట్టించుకుని ఏనుగెక్కి వెళ్ళిపోద్ది గదా!"

"నువ్వూరుకో కాంతమ్మా, నీ గ్రహాలేవో నువ్వు చూసుకో" అంది నాయనమ్మ. ఆవిడ చేతులు ఆగిపోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. తాంబూలాలు పుచ్చుకున్న సంబంధం తప్పిపోతే ఆ రోజుల్లో ఆ పిల్ల వైపు ఇంకెవరూ చూడరు. ఆ సంగతి పదేళ్ళదాన్ని నాకూ తెలుసు.

నందిగామావిడ వత్తి పక్కన పెట్టింది. "ఆ ముక్క మళ్ళీ చదువమ్మాయ్" అంది. చదివాను. నా గొంతు గంటలా లేదు. "రాసింది ఎవరు?" అని ఆవిడే అడిగింది.

"నేనేనండి" అంది అత్త.

"చిన్నతనం వదినగారూ, ఏదో ఆటకి..." అంది నాయనమ్మ.

"ఆటకి రాసినట్టు లేదండీ." ఆవిడ అత్త వైపు తిరిగింది. "మా వాడు నిన్ను సుభద్రా అని కసిరితే, నన్ను కసిరినట్టుంటదమ్మా. అందుకని మార్చేది."

"అయితే కసరడం మానేస్తారండి" అంది అత్త.

కాంతమ్మగారికి నవ్వు ఆగలేదు. నందిగామావిడ పెదాలు బిగించి చూసింది, కుదరలేదు, ఆవిడా నవ్వింది. నవ్వి నవ్వి పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది. నవ్వు అయిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

"నా పేరు సుభద్ర కాదు వదినగారూ" అంది. "మాణిక్యం. పద్నాలుగో ఏట కాపరానికొచ్చా. మా అత్తగారూ మాణిక్యమే. పొద్దున గడపలో బియ్యం చెంబు తన్ని లోపలికెళ్ళా, సాయంత్రానికి సుభద్రనయ్యా. మూడ్రోజులు పలకలేదని పిల్లకి చెవుడనుకున్నారు. మా పుట్టింటికి కబురు కూడా పంపారు, చెవిటిదాన్ని అంటగట్టారని."

కాంతమ్మగారు, తాలూకాఫీసు గుమాస్తా భార్య కదా, "మీ అత్తగారు ఉన్నారాండీ?" అని అడిగారు.

"పోయి పదకొండేళ్ళయింది."

"మరింక ఆ పేరు ఖాళీయే గదండీ?"

నందిగామావిడ బస్సులో సీటు ఖాళీగా ఉందని ఎవరో చెబితే నమ్మనట్టు చూసింది. "ఖాళీయేనా?" అంది. వత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుని పురి తిప్పుతూ, "సరే. ఈ పిల్ల పేరు ఈ పిల్లకి ఉంచండి. నాది నేను తీసుకుంటా" అంది. తరవాత నావైపు చూసి, "నా పేరు పెట్టి పిలువమ్మాయ్, ఎట్టా ఉంటదో విందాం" అంది. పెద్దావిడని పేరు పెట్టి ఎట్లా పిలవను? మాణిక్యమ్మగారూ అన్నాను. ఆవిడ వెంటనే పలికింది.

పెళ్ళి మార్గశిరంలో అయింది. పెళ్ళిలో ఆవిడ కనిపించిన ప్రతి చుట్టాన్నీ పిలిచి తన పేరు చెప్పుకుంది. కొత్త కోడలి కన్నా అత్తగారే కొత్త పెళ్ళికూతురిలా ఉందని అందరూ వేళాకోళం చేశారు. వాళ్ళాయనకి మాత్రం ఈ మార్పు సంగతి చాలా రోజులు తెలియలేదట. ఆయన ఆవిడని ఎప్పుడూ "ఏమేవ్" అనే పిలిచేవాడు కాబట్టి తేడా రాలేదు. సుభద్రత్తని లక్ష్మి అని తరవాత ఎవరూ పిలవలేదు. మామయ్య కసరడం పూర్తిగా మానలేదు గానీ, కసిరినప్పుడల్లా ముందు వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసుకునేవాడు.

ఇదంతా విని హారిక ఆ నాలుగు చేతిరాత పేజీలూ ఫోన్లో ఫొటోలు తీసుకుంది. "అమ్మమ్మా, ఈ ముగింపు నా పేపర్లో వాడుకుంటే ఎవరి పేరు రాయాలి? రచయితది కాదుగా ఇది" అని అడిగింది. సుభద్ర అని రాయమన్నాను. ఇంటిపేరు అడిగితే అక్కర్లేదన్నాను.

హారిక వెళ్ళాక మిగిలినవీ పోయినవీ చూసుకున్నాను. వసారా రోడ్డు వెడల్పులో పోయింది. పత్రిక ఆగిపోయింది. కాంతమ్మగారు కట్టించుకున్న గ్రహాల కథ పుస్తకం ఏమైందో వాళ్ళ పిల్లలకి తెలియదు, కాబట్టి మాంత్రికుడి కథకి రచయిత రాసిన అసలు ముగింపు ఇప్పుడు ఎక్కడా లేదు. పేరు మార్చే ఆచారం పోయింది, దానికి విచారం లేదు. నాయనమ్మ, కాంతమ్మగారు, సుభద్రత్త ముగ్గురూ లేరు. మాణిక్యమ్మగారు డెబ్బై నాలుగో ఏట పోయారు. అందులో పద్నాలుగేళ్ళు మాణిక్యం. చివరి ముప్పై ఒక్క ఏళ్ళూ మళ్ళీ మాణిక్యం. నడుమ ఇరవై తొమ్మిదేళ్ళు పోయాయి.